అమెరికా చేపల గాలం సెట్టు, మన సీతానగరం ఒడ్డున

చలికాలంలో పొద్దున్నే బెజవాడకి అవతల, సీతానగరం దగ్గర కృష్ణ ఒడ్డున కూర్చుని, గంటల తరబడి నీళ్ల మీద తేలే బెండు వంక చూసి చూసి ఖాళీ సంచీతో తిరిగొచ్చేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే మొన్న డిసెంబరులో ఆన్‌లైన్‌లో 640 రూపాయలు పెట్టి ఈ సెట్టు తెప్పించా. ఆరు ఆదివారాలు వాడాక రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఇది మన చేపల కోసం చేసింది కాదు. ఉత్తర అమెరికాలో క్రాపీ అని ఒక చేప, నల్లది తెల్లది రెండు రకాలు, దానికోసం చేసింది. నీళ్లు చల్లబడితే ఆ చేప లోతుకి దిగి గుంపుగా ఉండిపోతుంది. చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీళ్లను బట్టే కదా, చలికి ఆకలీ తగ్గుతుంది, ఎర వెనక పరుగెత్తే ఓపిక ఉండదు, ముక్కు ముందు పెడితే తింటుంది. పైగా అది పైకి చూసి తినే రకం, ఎర దానికంటే కాస్త ఎత్తులో వేలాడాలి. మన దగ్గర అంత చలి ఎక్కడిది, బెజవాడలో జనవరిలో కూడా ఎనిమిదింటికల్లా స్వెట్టర్ విప్పేస్తాం. అయినా ఆ రోజుల్లో జెల్లలు మందగిస్తాయి, ఎండ ఎక్కేదాకా బెండు కదలదు, ఒడ్డున కూర్చునేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక సెట్టులో అసలు సరుకు జారే బెండ్లు, రెండున్నాయి. మనం మామూలుగా బెండును దారానికి బిగించేస్తాం. బెండు నుంచి ముల్లు దాకా పది అడుగులు కావాలంటే, ఆ పది అడుగులూ ఆరడుగుల కర్ర కొసన వేలాడేసుకుని విసరాలి, అది అయ్యే పని కాదు, వెనకున్నవాడి చొక్కాకి తగులుకుంటుంది. వీటిలో బెండు మధ్యన సన్నటి గొట్టం ఉంది, దారం అందులోంచి జారుతూ ఉంటుంది. ముల్లు నుంచి పది అడుగులు కొలుచుకుని దారం మీద చిన్న నూలు ముడి వేయాలి, ముడికీ బెండుకీ మధ్యన ఒక పూస. ముడి చిన్నది కాబట్టి కర్ర రింగుల్లోంచి దూరి రీలు మీదకి చుట్టుకుపోతుంది. విసిరేటప్పుడు బెండు ముల్లు దగ్గరే ఉంటుంది, నీళ్లలో పడ్డాక సీసం బరువుకి దారం జారి జారి, పూసకి ముడి తగిలిన చోట ఆగుతుంది, అప్పుడు బెండు నిటారుగా లేస్తుంది. లేవలేదంటే సీసం నేల మీద కూర్చుందని అర్థం, ముడిని ముల్లు వైపు ఒక జానెడు జరుపుకోవడమే. నా పక్కన వెదురు కర్రతో కూర్చునే బాబాయ్ మొదటిరోజు చూసి "బెండు కట్టడం కూడా రాదేంట్రా నీకు, అలా జారిపోతోంది" అన్నాడు. రెండో వారం తనకీ ఒకటి కట్టమన్నాడు.

ప్రకాశం బ్యారేజీ గేట్లు 70 దించి ఉంటే పైన నీళ్లు చెరువులా నిలబడతాయి, అప్పుడు ఇది బ్రహ్మాండం. నీళ్లు వదిలినరోజు మాత్రం బెండు కొట్టుకుపోతుంది, దారం అడ్డంగా లాగేసి ఎర పైకి తేలిపోతుంది. బందరు కాలవలో ఒకసారి వేసి చూశా, దండగ.

దారం దగ్గర ఒళ్లు మండింది. 4 పౌండ్లది, అంటే 1.8 కిలోల బరువు ఆగాలి. అట్టముక్కకి ఎన్నాళ్ల కిందట చుట్టారో, విప్పితే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వచ్చింది. ఆ చుట్టలుంటే బెండులోంచి జారదు, చేప మెల్లగా నోట పెట్టినా పైకి తెలియదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మా బామ్మర్ది ఒక కొస నేనొక కొస పట్టుకుని సాగదీస్తే కాస్త దారికొచ్చింది. మూడో వారం ఒక బొచ్చె తగిలి, బెండూ పూసా ముల్లూ అన్నీ పట్టుకుని పోయింది. ఇది దారం తప్పు అనలేను, అంత సన్నదానికి బొచ్చె ఆగదు. ఆ తర్వాత ఊళ్లో 6 పౌండ్లది విడిగా కొని ఎక్కించా.

సీసం తలకాయ ముళ్లు పది ఇచ్చారు, ఒక్కోటి ఔన్సులో పదహారో వంతు, 1.8 గ్రాములు. బాగున్నాయి. దారం కట్టాక ఆ ముడిని ముల్లు కన్ను, అంటే దారం దూర్చే రంధ్రం, పైభాగానికి జరపండి, అప్పుడే ముల్లు అడ్డంగా, ఈదే చిన్న చేపలా వేలాడుతుంది, లేదంటే నిలువుగా వేలాడుతుంది. చేప తగిలాక గట్టిగా లాగకండి. క్రాపీ పెదవి కాగితంలా పల్చన, చిరిగిపోతుంది, దానికని ముల్లు తీగ కూడా సన్నగా చేశారు, పెద్ద జెల్లకి వంగిపోయింది.

రబ్బరు ఎరలు చిలకపచ్చవీ తెల్లవీ, చూడ్డానికే. మూడు ఆదివారాలు ఒక్క చేపా ముట్టలేదు. విసుగొచ్చి అదే ముల్లుకి వానపాము గుచ్చి, అదే లోతులో వేస్తే, తొమ్మిదిన్నర దాటాక అరగంటలో రెండు జెల్లలు, ఒక తిలాపియా. జెల్లని విప్పేటప్పుడు రెక్క ముల్లు జాగ్రత్త, నాకు బొటనవేలు సాయంత్రం దాకా సలిపింది.

మళ్లీ కొంటే జారే బెండ్లు, ముళ్లు విడిగా తీసుకుంటా, మొత్తం సెట్టు వద్దు. ముడి వేసే నూలు సెట్టులో ఇచ్చింది నెలలోనే అయిపోయింది. మా ఆవిడ కుట్టుమిషను దారం నాలుగు పేటలు చేసి ఐదు చుట్లు చుట్టి, తడిపి బిగించా, ఇప్పటికీ జారలేదు.