లో సోడియం ఉప్పు: కొనే ముందు ప్యాకెట్ వెనక అంకె చూడండి

మామూలు ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలిపితే లో సోడియం ఉప్పు. సోడియం తగ్గడం, పొటాషియం పెరగడం, రెండూ బీపీని దించేవే. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో ఐదేళ్లు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లంతా పక్షవాతం వచ్చి ఉన్నవాళ్లు, లేదా 60 దాటి బీపీ అదుపులో లేనివాళ్లు. పొటాషియం క్లోరైడ్ 25 శాతం ఉన్న ఉప్పు వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి.

మన కొట్లలో దొరికేవన్నీ ఆ పాళ్లలో ఉండవు. టాటా సాల్ట్ లైట్ మీద ఉండేది 15 శాతం తక్కువ సోడియం అని. వెనక పట్టికలో 100 గ్రాములకు సోడియం ఎంతో చూడండి. మామూలు ఉప్పులో సుమారు 39 గ్రాములు ఉంటుంది, 15 శాతం తగ్గించినదాంట్లో 33, చైనా ఉప్పు పాళ్లలో అయితే 29. కూర చప్పగా ఉందని ఇంకాస్త వేస్తే 15 శాతం లాభం అక్కడే పోతుంది. అందుకే 30కి లోపున్నదే కొనమంటాం. అయోడిన్ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

రుచి సంగతి: పొటాషియం క్లోరైడ్‌కు నాలుక మీద చిరుచేదు ఉంటుంది. పులుసు, పప్పుచారు, పచ్చడిలో చింతపండు దాన్ని కప్పేస్తుంది. మజ్జిగలో, పెరుగన్నంలో పైన చల్లుకుంటే తెలిసిపోతుంది. కాబట్టి వంటలోనే వేయండి, కంచం పక్కన పెట్టొద్దు. సైంధవ లవణం, పింక్ సాల్ట్ దీనికి బదులు కావు, అవీ దాదాపు సోడియం క్లోరైడే. ఉప్పు మార్చి పాత ఆవకాయ, అప్పడాలు రోజూ తింటుంటే ఫలితం అంతంతమాత్రమే.

అందరికీ ఇది పడదు. కిడ్నీ జబ్బున్నవాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పొచ్చు. ఒంట్లో పొటాషియాన్ని నిలిపే స్పైరనోలాక్టోన్ మాత్ర వాడేవాళ్లకూ ముప్పుంది. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మందుల మీద ఉన్నవాళ్లు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్షలు చేయించి డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఇల్లంతా తినేది ఒకే గిన్నెలోని కూర గనక, ఇంట్లో ఒక్కరికి కిడ్నీ సమస్య ఉన్నా ఈ ప్యాకెట్ కొనకండి. మామూలు ఉప్పే, మనిషికి రోజుకు ఒక చెంచాకు, అంటే 5 గ్రాములకు, మించకుండా కొలిచి వాడండి.