తిరుపతిలో క్లైంబింగ్ క్లాసులకు డబ్బు కట్టబోయేవాళ్ళు ముందు ఇది చదవండి

ఇంటర్ పరీక్షలు అయిపోతే చాలు, మన ఊళ్ళో సమ్మర్ క్లాసుల పాంప్లెట్లు పేపర్లో పెట్టి పంచుతారు. స్విమ్మింగ్, కరాటే, డాన్సు ఎప్పుడూ ఉండేవే. ఈసారి వాటి సరసన ఇండోర్ రాక్ క్లైంబింగ్ కూడా చేరింది. గోడకు పట్టుకుని ఎక్కడానికి రంగురంగుల దిమ్మెలు (హోల్డులు) బిగించి, నడుముకు బెల్టు కట్టి, తాడు సాయంతో ఎక్కిస్తారు. మా అమ్మాయి సరదా పడింది. ఆఫీసు కుర్చీలో కూర్చుని కూర్చుని నాకూ నడుం పట్టేస్తోంది. ఇద్దరం కలిసి ఒక చోట బిగినర్ ప్యాకేజీలో చేరాం. అక్కడ చూసినవి రాస్తే ఇంకొకరి డబ్బులు, అంతకన్నా ముందు ఎముకలు, మిగులుతాయని ఇది రాస్తున్నా. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. కింద చెప్పినవి ఎక్కడ కనిపించినా సరే, వెనక్కి వచ్చేయండి.

ముందు డబ్బు సంగతి. ఒక్కరోజు చేసి చూస్తామంటే కుదరదన్నారు. "డే పాస్ లేదక్కా, మూడు నెలల ప్యాకేజీనే. ఈ రోజు కడితే ఆఫర్ రేటు, రేపటికి పెరుగుతుంది" అంది కౌంటర్‌లో అమ్మాయి. ఇద్దరికీ కలిపి కోర్సుకు 22,000, కిట్ తప్పనిసరి అని ఇంకో 13,000. నా వయసుకు కష్టమేమో అంటే ట్రైనర్ నవ్వేసి, "అలిపిరి మెట్లు 3,550 ఎక్కే ఊరోళ్ళం, ఇదో లెక్కా అక్కా!" అన్నాడు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, మెట్లెక్కే దమ్ముకూ దీనికీ సంబంధం తక్కువ. కొత్తవాళ్ళకు ముందు అలిసిపోయేవి ముంజేతులు. బరువు కాళ్ళ మీద వేయడం నేర్పకపోతే గోడ సగం ఎక్కేసరికి వేళ్ళు పట్టు తప్పుతాయి. ఆ పాఠం మాకెవరూ చెప్పలేదు.

ప్యాకేజీ చివర్లో శేషాచలం కొండల్లో అవుట్‌డోర్ క్లైంబింగ్ ఫ్రీ అని కూడా ఊరించారు. అది అభయారణ్యం, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు. అటవీ శాఖ అనుమతి ఉందా అంటే, "అదంతా మేం చూసుకుంటాం" అని మాట దాటేశారు.

ఇక అసలు విషయం. తాడు కట్టుకుని ఎక్కేటప్పుడు మన ప్రాణం కింద తాడు పట్టుకున్న మనిషి చేతిలో ఉంటుంది. ఆ పనిని బిలే అంటారు. ఎక్కే మనిషి నడుం నుంచి తాడు పైకి వెళ్ళి, అక్కడ గోడకు బిగించిన యాంకర్ మీదుగా కిందికి దిగి, బిలే చేసేవాళ్ళ బెల్టుకున్న పరికరంలోంచి బయటికి వస్తుంది. అలా బయటికి వచ్చిన తాడును పట్టుకున్న చెయ్యే బ్రేకు. ఏం జరిగినా ఆ చెయ్యి వదలకూడదు. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరిదొకరు చూసుకోవాలి. బెల్టు బకిల్ బిగిసిందా, బెల్టుకు తాడు కట్టే ఫిగర్ ఎయిట్ ముడి సరిగ్గా పడిందా, కారబినర్ (పరికరాన్ని బెల్టుకు తగిలించే లోహపు కొక్కెం) లాక్ అయిందా, తాడు పరికరంలోకి సరైన వైపు నుంచి వెళ్ళిందా. అర నిమిషం పని. మొదటి రోజు నేర్పాల్సింది ముందు ఇదే.

అక్కడ ఉన్నది ఒకే ట్రైనర్. సెలవులు కదా, పిల్లలు క్యూ కట్టారు. అతను రెండు బిలే పరికరాలూ తన బెల్టుకే తగిలించుకుని ఇద్దరేసి పిల్లల్ని ఒకేసారి ఎక్కిస్తున్నాడు. మా అమ్మాయి పైన ఉండగా అతని ఫోన్ మోగింది. కుడి చేత్తో తీశాడు. బ్రేకు తాడు మీద ఉండాల్సిన చెయ్యి అదే. ఎడమ చెయ్యి పైకి వెళ్ళే తాడును ఊరికే పట్టుకుని ఉంది, ఆ వైపు పట్టుకుని పడే మనిషిని ఎవరూ ఆపలేరు. బిగుతుగా ఉండాల్సిన ఆ తాడు కూడా వదులై అతని మోకాళ్ళ దాకా వేలాడుతోంది. నేను కేకేస్తే, "టెన్షన్ పడొద్దక్కా, ఇది ఆటోమేటిక్, చెయ్యి వదిలినా అదే పట్టేస్తుంది" అన్నాడు.

పట్టేస్తుందని నమ్మడానికి లేదు. గ్రిగ్రి లాంటి బిలే పరికరాలు బ్రేకుకు సాయం చేస్తాయి, అంతే. బ్రేకు వైపు తాడు ఎప్పుడూ చేతిలోనే ఉండాలని దాన్ని తయారుచేసే పెట్జెల్ కంపెనీయే చెబుతుంది. మనిషి అవసరం లేకుండా పనిచేసే మెషీను వేరే ఉంది. దాన్ని ఆటో బిలే అంటారు. గోడ పైన బిగిస్తారు. ఎక్కుతున్న కొద్దీ పట్టీని లోపలికి లాక్కుంటుంది, చెయ్యి జారితే మెల్లగా దించుతుంది. దాన్నీ కంపెనీ చెప్పిన గడువు ప్రకారం సర్వీసుకు పంపాలి. పాంప్లెట్లో దాని ఫోటోనే అన్నిటికన్నా పెద్దది. మేం ఉన్నన్నాళ్ళూ దానికి ప్లాస్టిక్ కవరు చుట్టే ఉంది. సర్వీసు ఎప్పుడు చేయించారంటే నీళ్ళు నమిలాడు.

పోనీ తాడు లేకుండా తక్కువ ఎత్తులో ఎక్కే బౌల్డరింగ్ చేద్దామంటే అక్కడ ఇంకో తంటా. ఆ గోడలు మామూలుగా 4, 4.5 మీటర్లు ఉంటాయి. జారితే నేరుగా కిందికే, అందుకే మందపాటి ఫోమ్ పరుపులు సందు లేకుండా పరచాలి. వీళ్ళు పల్చటి మ్యాట్లు పక్కపక్కన పేర్చారు, మధ్యలో పాదం దిగేంత ఖాళీలు. ఎలా పడాలో కూడా నేర్పలేదు. రెండు పాదాల మీదా దిగి, మోకాళ్ళు వంచి, చేతులు వెనక్కి ఆనించకుండా వీపు మీదికి దొర్లాలట. యూట్యూబ్ చూసి మేమే తెలుసుకున్నాం. ఒకసారి నేను పట్టుకున్న హోల్డు చేతిలోనే గిర్రున తిరిగింది. ఒక్క బోల్టు మీద నిలిచే హోల్డు వదులైతే అంతే, అందుకే తిరగకుండా పక్కన చిన్న స్క్రూ కూడా వేస్తారు. ట్రైనర్‌కు చూపిస్తే వచ్చి బోల్టును వేళ్ళతో తిప్పి, "అయిపోయిందక్కా, ఎక్కండి" అన్నాడు. స్పానర్ కూడా కాదు, వేళ్ళతో!

కిట్ సంగతి బయటపడింది మా పిన్ని కొడుకు వల్ల. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవేముంది, బెంగళూరు నుంచి దర్శనానికి వచ్చి మా ఇంట్లోనే దిగాడు. వాడు చాలా ఏళ్ళుగా క్లైంబింగ్ చేస్తున్నాడు. కొక్కేనికి వేలాడుతున్న నా బెల్టు తీసి తిరగేసి, "దీని లేబుల్ ఏదక్కా?" అన్నాడు. లేబుల్ ఉండాల్సిన చోట కుట్టు విప్పేసిన దారపు పోగులు ఉన్నాయి. మా అమ్మాయి బెల్టుకు లేబుల్ ఉంది గానీ దాని మీద సీఈ (యూరప్ నిబంధనలకు సరిపోతుందని వేసే గుర్తు) అన్న రెండక్షరాలే. ఎత్తు నుంచి పడకుండా కాపాడే సామాను యూరప్ నిబంధనల్లో అన్నిటికన్నా కఠినమైన వర్గంలోకి వస్తుంది. సీఈ పక్కన తనిఖీ చేసిన సంస్థ నంబరు నాలుగంకెల్లో ఉండాలి. క్లైంబింగ్ బెల్టు అయితే ఈఎన్ 12277 అని యూరప్ ప్రమాణం నంబరు, తయారైన సంవత్సరంతో సహా ఉంటుంది. ఎలా వాడాలో చెప్పే కాగితం కూడా వెంట వస్తుంది. కారబినర్‌కు ఈఎన్ 12275, హెల్మెట్‌కు ఈఎన్ 12492 చూడాలి. బట్ట, ప్లాస్టిక్ ఉన్న సామాను వాడినా వాడకున్నా తయారైన నాటి నుంచి పదేళ్ళు దాటాక వద్దని పెట్జెల్ చెబుతుంది. తేదీయే లేని బెల్టుకు వయసు ఎలా లెక్కపెట్టేది?

మర్నాడు వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. పిల్లలకు కట్టే బెల్టుల్లో కొన్నిటి మీద ఐఎస్ 3521 అని ఉంది. అది టవర్ల మీద, కట్టడాల మీద పనిచేసేవాళ్ళ బెల్టులకిచ్చే మన దేశపు ప్రమాణం. ఆ పనికి అవి మంచివే. కానీ వీటికి తాడు వీపు మీది రింగుకు తగిలిస్తున్నారు. జారిన పిల్లవాడు ముందుకు వాలిపోతాడు, కాళ్ళు గోడకు ఆనించుకోలేడు.

తాడు ఇంకా ఘోరం. కొసన లేబుల్ లేదు, కోసి కాల్చిన గుర్తు ఉంది. పై పొర నూగు లేచింది. ఒకచోట వేళ్ళ మధ్య నొక్కితే లోపల ఏమీ లేనట్టు మెత్తగా తగిలింది. అలాంటి చోటు కనిపిస్తే తాడును ఇక వాడకూడదు. అది సాగని స్టాటిక్ తాడులా ఉందని మావాడన్నాడు. పైన యాంకర్ ఉన్నప్పుడు తక్కువ సాగే తాళ్ళు చాలా జిమ్ముల్లో వాడతారు, ఆ వరకు నేను తప్పు పట్టను. అయితే ఇదే తాడుతో వచ్చే నెల లీడ్ నేర్పుతానని ట్రైనర్ అప్పటికే చెప్పి ఉన్నాడు. లీడ్‌లో పైన తాడుండదు. ఎక్కేవాళ్ళే కిందనుంచి తీసుకెళ్తూ క్లిప్పుల్లో వేసుకుంటూ పోవాలి. పడితే ఆఖరి క్లిప్పు కన్నా కిందికి వస్తారు. ఆ ఊపును సాగి తట్టుకోవడానికే ఈఎన్ 892 గుర్తున్న డైనమిక్ తాడు. సాగనిదైతే దెబ్బంతా మనిషి ఒంటికే. గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టుంది వీళ్ళ వ్యవహారం.

కాబట్టి పిల్లల్ని చేర్చే ముందు డబ్బు జేబులోనే ఉంచుకుని ఒక గంట కూర్చుని చూడండి. ఎక్కేవాళ్ళను కాదు, కింద తాడు పట్టుకున్నవాళ్ళ చేతుల్ని చూడండి. సామాను లాగ్‌బుక్ చూపించమని అడగండి. సరిగ్గా నడిపేవాళ్ళు తాడు ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు తనిఖీ చేశారో రాసి పెట్టుకుంటారు, అడిగితే సంతోషంగా చూపిస్తారు. చూపించకుండా విసుక్కుంటే మీకు కావాల్సిన జవాబు వచ్చేసినట్టే. కొత్తగా చేరగానే బెల్టు కొనమనడం కూడా అనుమానించాల్సిన విషయమే. మామూలుగా సంస్థవాళ్ళే అద్దెకిస్తారు. నిజంగా నేర్చుకోవాలంటే బెంగళూరు కంఠీరవ స్టేడియంలో గోడ ఉంది, తెలంగాణలో భువనగిరి గుట్ట దగ్గర రాక్ క్లైంబింగ్ స్కూలు ఉంది. దూరమే, కానీ ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళొచ్చు.

డబ్బు వెనక్కిమ్మంటే రసీదు మీద "నో రిఫండ్" ముద్ర చూపించారు. చేరేటప్పుడు అందరి చేతా సంతకం పెట్టించుకున్న కాగితం కూడా తీశారు, ఏం జరిగినా సంస్థకు బాధ్యత లేదని. అది చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే నిర్లక్ష్యం ఉంది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సేవకు డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వస్తాయి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో తిరిగివ్వాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి, 5 లక్షల లోపు కట్టిన వాటికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

1915కు చెప్పాక యజమాని స్వయంగా ఫోన్ చేశాడు. "మేడం, ఎందుకు గొడవ, బెల్టులు తెచ్చివ్వండి, కిట్ డబ్బులు ఫోన్‌పే చేస్తా" అన్నాడు. బెల్టులెందుకు మీకంటే, "వేరేవాళ్ళకు పనికొస్తాయి కదా" అన్నాడు. నేనివ్వలేదు. ఆ 13,000 అక్కడే ఆగిపోయింది. బెల్టులు రెండూ బీరువాలో ఉన్నాయి, కమిషన్ అడిగిన రోజు తీసుకెళ్తాను.