మళ్లీ అరకు: ఈసారి పెద్దవాళ్లతో, పిల్లలతో

అరకు అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. డిసెంబరు మొదటి వారంలో మళ్లీ వెళ్దామనుకుంటుంటే, ఈసారి అత్తయ్య, మామయ్య కూడా వస్తామన్నారు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, మామయ్యకు చలి పడదు, మా చిన్నదానికి ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులు. అందుకని పాత ప్లాన్ పక్కన పెట్టి, ప్రతి చోటునీ కొత్తగా బేరీజు వేసుకున్నాం. ఇలాగే ఇంటిల్లిపాదీ బయల్దేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా తేల్చుకున్నది, విశాఖ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఒక్కరోజు ప్యాకేజీ వద్దని. రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు, అందులో చాలాభాగం మలుపులే. రోజంతా బండిలోనే గడిచిపోతుంది. అరకు అసలు అందం పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక. ప్యాకేజీలో వెళ్లినవాళ్లు ఆ రెండు వేళల్లోనూ దారిలోనే ఉంటారు. రెండు రాత్రులైనా అక్కడ పడుకుంటేనే వెళ్లినట్టు.

వెళ్లేది రైల్లో, దిగేది కార్లో. కిరండూల్ వెళ్లే పాసింజరు విశాఖలో పొద్దున ఏడులోపే బయల్దేరుతుంది. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి, తెల్లారి దిగి, దీన్ని అందుకోవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ రైలు కాస్త లేటైతే మొత్తం ప్రయాణం దెబ్బతింటుంది. పెద్దవాళ్లతో ఆ టెన్షన్ ఎందుకు? ముందురోజే వందే భారత్‌లో వెళ్లి, విశాఖ స్టేషన్ దగ్గర్లోనే పడుకుంటాం.

ఈ రైల్లో 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె ఉంది. సీట్లు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. కిటికీలు తెరుచుకోవు కాబట్టి కొండగాలి తగలదు, అదొక్కటే లోటు. మామూలు పెట్టెలో గాలి, జామకాయలమ్మేవాళ్ల సందడి బాగుంటాయి కానీ సెలవు రోజుల్లో అత్తయ్యను ఆ రద్దీలోకి ఎక్కించలేం. అందుకే విస్టాడోమ్. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజు పొద్దున్నే కూర్చుని చేసుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన లైను ఇది. బొడ్డవర దాటాక ఎక్కడం మొదలవుతుంది, ఇక వరసగా సొరంగాలే. ప్రతి చీకట్లోనూ పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు పెడతారు, బయటికి రాగానే నెత్తి మీద అద్దంలోంచి కొండంతా కనబడుతుంది. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషన్ వచ్చేసరికి స్వెట్టర్లు చేతిలో ఉండాలి.

బస దగ్గరే ఎక్కువ చర్చ జరిగింది. గుడారాల్లో ఉండటం పిల్లలకు సరదా. కానీ డిసెంబరు చలిలో, అర్ధరాత్రి బాత్రూమ్ కోసం బయటికి నడవాలంటే అత్తయ్య వల్ల కాదు. పద్మాపురం గార్డెన్స్‌లో చెట్ల మీది కాటేజీలకు మెట్లెక్కాలి. అనంతగిరిలో పర్యాటక సంస్థ వాళ్ల రిసార్ట్ ఉన్నది చక్కటి చోటు, చుట్టూ కాఫీ తోటలు, ప్రశాంతం. అయితే సాయంత్రం మందుల షాపు కావాలన్నా, పిల్లలు ఏదైనా తింటామన్నా బండి తియ్యాల్సిందే. చివరికి అరకులోనే ఉన్న పర్యాటక సంస్థ రిసార్ట్ హరిత మయూరికి మొగ్గాం. భోజనం అక్కడే దొరుకుతుంది, గిరిజన మ్యూజియం నడిచి వెళ్లేంత దూరం. క్రితంసారి ఒక ప్రైవేటు లాడ్జిలో గీజర్ ఉందని చెప్పి, తీరా పొద్దున ఎనిమిదింటికి గదికో బకెట్ వేడినీళ్లు తెచ్చిచ్చారు. ఎక్కడ బుక్ చేసినా ఫోన్‌లో ఈ నాలుగూ అడగండి: వేడినీళ్లు ఏ టైమ్ నుంచి, కింది అంతస్తు గది ఉందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, అదనంగా రగ్గులిస్తారా.

అరకులో చూసేవాటికి హడావిడి అక్కర్లేదు. మ్యూజియం, కాఫీ మ్యూజియం, పద్మాపురం తోటలో బొమ్మరైలు ఒక రోజుకు సరిపోతాయి. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పొలాలను పసుపుగా కప్పేస్తాయి, దారిలో ఎక్కడ ఆగినా ఫొటోలే. ఫొటో కోసం చేలోకి దిగి మొక్కలు తొక్కడం మాత్రం అన్యాయం, అది నూనెగింజల పంట, గిరిజన రైతు కష్టం. అదే రోజుల్లో కాఫీ పళ్లు కూడా ఎర్రగా పండుతాయి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. తోటవాళ్లనడిగి ఒక పండు తీసుకుని నొక్కితే తియ్యటి జిగురులోంచి రెండు గింజలు జారిపడతాయి. పెద్దవాడు ఆ గింజ వాసన చూసి, ఇది కాఫీ కాదని పోట్లాడాడు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి, తేనె కొనాలంటే మేము గిరిజన సహకార సంస్థ దుకాణానికే వెళ్తాం.

బొంగులో చికెన్ తినకుండా మావాళ్లు కదలరు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురుబొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వెయ్యరు. బొంగు పైన నల్లబడ్డాక చీల్చి ఆకులో పోస్తారు. ముందే కాల్చి పెట్టింది కాకుండా, కళ్లముందు పొయ్యి మీద పెట్టించుకోండి, కాస్త ఆలస్యమైనా రుచి వేరు. పిల్లలకు కారం తగ్గించమని మసాలా కలపకముందే చెప్పాలి.

తెల్లవారుజామున వంజంగి కొండ మీంచి కనిపించే మేఘాలు మాకు ఎంత ఇష్టమైనా ఈసారి అందరికీ కాదు. అరకు నుంచి చీకట్లోనే బయల్దేరి పాడేరు వైపు వెళ్లాలి, చివర్లో కొండెక్కాలి. మా ఆయన, పెద్దవాడు వెళ్లొస్తారు, మేము మయూరిలో నెమ్మదిగా లేస్తాం. చాపరాయి వాగు దగ్గర నీళ్లు బండ మీద పల్చగా జారుతుంటే భయం లేదనిపిస్తుంది. కానీ పాచి ఉంటుంది, పిల్లల చెయ్యి వదలకూడదు. కటికి జలపాతం జీపులో కుదుపులు, ఆపైన నడక, కాబట్టి వదిలేశాం.

బొర్రా గుహలు మాత్రం వదలం. లోపలికి దిగే మెట్లు ఎక్కువ, తడిగా ఉంటాయి. అయినా గుహ ముఖద్వారం దగ్గర నిలబడితేనే ఆ ఎత్తు, రంగు దీపాల్లో వేలాడే సున్నపురాళ్లు కొంతవరకు కనిపిస్తాయి. అత్తయ్య అక్కడిదాకా వస్తే చాలు, కూర్చోవడానికి మడత కుర్చీ తీసుకెళ్తున్నాం. బయట కోతులుంటాయి, తినుబండారాల సంచి కార్లోనే ఉంచాలి. తిరుగుప్రయాణంలో పొద్దున టిఫిన్ కాగానే అరకులో బయల్దేరితే, గాలికొండ వ్యూపాయింట్ దగ్గర కాసేపు ఆగినా, టూరిస్టు బస్సులు వచ్చేలోపు గుహలు చూసుకోవచ్చు. మధ్యాహ్నానికి ఘాట్ దిగేసి శృంగవరపుకోటలో (ఎస్.కోట) భోజనం చేద్దామని, చిన్నదానికి ఆ భోజనం దాకా బిస్కెట్లు, నిమ్మకాయ తప్ప ఏమీ పెట్టొద్దని అనుకున్నాం. అద్దె కారు డ్రైవరుకు కూడా ఇదే చెప్పి ఉంచాం.