1895లో డికీ లాక్‌వుడ్ ముందు రెండు దారులు: రగ్బీ యూనియనా, నార్తర్న్ యూనియనా?

రగ్బీ యూనియన్ అంటే ఇంగ్లండ్‌లో రగ్బీని నడిపే పాత సంఘం; నార్తర్న్ యూనియన్ అంటే దాన్నుంచి విడిపోయిన ఉత్తరాది క్లబ్బుల కొత్త సంఘం. కార్మికుడిగా మొదలైన యార్క్‌షైర్ (ఉత్తర ఇంగ్లండ్) రగ్బీ ఆటగాడు లాక్‌వుడ్. 1887–1894 మధ్య ఇంగ్లండ్‌కు 14 మ్యాచ్‌లు ఆడాడు, కెప్టెన్‌గానూ చేశాడు.

డబ్బు: శనివారం మధ్యాహ్నం దాకా మిల్లు, గని పని ఉండేది. దూరం వెళ్లి ఆడితే ఆ కూలి పోయేది. దాన్ని భర్తీ చేయాలన్న ప్రతిపాదనను రగ్బీ యూనియన్ 1893లో 282–136 ఓట్లతో తోసిపుచ్చింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టిన నార్తర్న్ యూనియన్ పోయిన కూలికి బదులుగా రోజుకు 6 షిల్లింగుల వరకు ఇచ్చేది. అది జీతం కాదు. 1898లో జీతాలు ఒప్పుకున్నాక కూడా వేరే ఉద్యోగం ఉండి తీరాలి, లేకపోతే ఆట బంద్.

గౌరవం: ఇంగ్లండ్ జెర్సీ రగ్బీ యూనియన్‌లోనే. నార్తర్న్ యూనియన్ తొలి అంతర్జాతీయ మ్యాచ్ 1904లో గానీ జరగలేదు.

రిస్క్: నార్తర్న్ యూనియన్‌కు వెళ్లి ఒక్క మ్యాచ్ ఆడినా రగ్బీ యూనియన్‌లో జీవితకాల నిషేధం. అన్నిటికన్నా బరువైన అంశం ఇదే.

ఎవరికి ఏది: ఆస్తిపాస్తులున్నవాడికి, ఇంగ్లండ్ పిలుపు కోసం చూస్తున్న కుర్రాడికి రగ్బీ యూనియనే. అంతర్జాతీయ ఆట ముగిసి, ఇల్లు గడవాల్సినవాడికి నార్తర్న్ యూనియన్. లాక్‌వుడ్ వేక్‌ఫీల్డ్ ట్రినిటీ క్లబ్ తరఫున అటే ఆడాడు. అయినా 1897లో దివాలా తీసి, ఇంట్లో సామాన్లు అమ్ముకోవాల్సి వచ్చింది.