రాడార్ క్రూజ్‌కు రోజుకు 700: లేపాక్షి వెళ్లొచ్చిన కథ

ముందే చెప్తున్నా, ఇందులో లేపాక్షి గురించి పెద్దగా ఉండదు. గుడి బాగుంది, నంది ఇంకా బాగుంది, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగి అమ్మ మురిసిపోయింది, రూము శుభ్రంగా ఉంది. నా గోలంతా కారు గురించే.

హైదరాబాద్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకున్నాం. రోజుకు 3,200. రాడార్ ఉన్న క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే మనం సెట్ చేసిన స్పీడును కారే నిలబెట్టేది) మోడల్ అయితే ఇంకో 700. "ముందు బండి స్లో అయితే ఇదీ స్లో అవుతుంది సార్, మీరు స్టీరింగ్ పట్టుకుంటే చాలు" అన్నాడు కారు అద్దెకిచ్చినాయన. నా కుడి మోకాలు రెండేళ్లుగా సతాయిస్తోంది, వెంటనే ఒప్పేసుకున్నా. మూడు రోజులకు 2,100 అదనం, డిపాజిట్ 5,000.

షాద్‌నగర్ దాటేదాకా దాన్ని ముట్టుకోలేదు. జడ్చర్ల తర్వాత రోడ్డు ఖాళీ అయ్యాక 90 దగ్గర సెట్ చేసి కాలు తీసేశా. కర్నూలు వచ్చేదాకా మోకాలు గుర్తుకు రాలేదంటే నమ్మండి. రోడ్డు బాగుంటే తెలీకుండానే 110 దాటించే జబ్బు నాకుంది, ఆ రోజు దాటలేదు. వెనక సీట్లోంచి అమ్మ మాత్రం, "ఏరా, కాళ్లు మడుచుకు కూర్చున్నావు, మరి బండెవరు తోలుతున్నార్రా?" అంటూనే ఉంది.

డోన్‌లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ప్లేటు 50. వేయించిన పప్పుల పొడి చల్లిన ఆ బొరుగుల కోసమైనా ఈ దారిన మళ్లీ వెళ్తా.

గుత్తి దాటాక జరిగింది చెప్పాలి. ముందు లారీ 55లో పోతుంటే మా కారు బుద్ధిగా దాని వెనకే అదే స్పీడులో పోతోంది. నేను కొండల్ని చూస్తున్నా. లారీ ఉన్నట్టుండి ఎడమ లేన్‌లోకి తప్పుకుంది. దారి ఖాళీ అయిందనుకుని కారు 90 అందుకోవడానికి ఒక్క ఊపున లేచింది. లారీ తప్పుకున్నదెందుకో అప్పుడు కనిపించింది: వేరుశనగ కట్టె వేసుకున్న ట్రాక్టర్ మా లేన్‌లోనే రాంగ్ రూట్‌లో ఎదురొస్తోంది. కాలేమో సీటు దగ్గర మడిచి ఉంది. అది బ్రేకు దాకా వెళ్లడానికి పట్టిన క్షణం నాకింకా గుర్తుంది. బజ్జీల పొట్లం కింద పడింది. మా ఆవిడ పెనుకొండ దాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి రూములో మాన్యువల్ తీసి చదివా. ఆగి ఉన్న వాహనాన్ని రాడార్ గుర్తించకపోవచ్చని అందులోనే ఉంది. మన హైవేల మీద బ్రేక్‌డౌన్ లారీలు వెనకాల నాలుగు రాళ్లు, ఓ చెట్టుకొమ్మ పెట్టుకుని నిలబడి ఉంటాయి. కాబట్టి క్రూజ్ పెట్టినా కాలు బ్రేకు పక్కనే ఉంచండి, రాత్రిపూట అసలు వద్దు. వానలో కూడా వద్దు. నీళ్ల మీద టైరు తేలితే యాక్సిలరేటర్ తగ్గించాల్సిన చోట అది స్పీడు నిలబెట్టడానికే చూస్తుంది.

తిరుగు ప్రయాణంలో పెనుకొండ దగ్గర వాన. ఆఫ్ చేశా. అనంతపురం వచ్చేసరికి రోడ్డు పొడి, కానీ డాష్‌బోర్డు మీద ముందు రాడార్ పనిచేయడం లేదని హెచ్చరిక. రాడార్‌తో పనిలేని మామూలు క్రూజ్ కూడా పడలేదు. బురద తుడుద్దామని బంపర్ దగ్గర వంగితే తెలిసింది: రాడార్ మీది నల్ల పలక అడ్డంగా పగిలి ఉంది, పగులు పొడవునా పసుపురంగు జిగురు గట్టిపడి ఉంది. ఎవరో ఇదివరకే గుద్దారు. కారు అద్దెకిచ్చినాయనకు ఫోన్ చేస్తే, "అప్పుడప్పుడు వస్తుంది సార్, ఆపి స్టార్ట్ చేయండి" అన్నాడు. గుత్తిలో చేశా, కర్నూలులో చేశా. హైదరాబాద్ చేరేసరికి మోకాలు వాచిపోయింది.

కనీసం ఆఖరి రోజు 700 అయినా వెనక్కివ్వమన్నా. ఇవ్వలేదు. పైగా వాటర్ వాష్ పేరుతో డిపాజిట్‌లో 600 కోశాడు. ఆ 600లో రాడార్ మీది జిగురు కూడా కడుగుతారా అని అడిగా. ఫోన్ పెట్టేశాడు.