‘చార్జి’ అనే మాటతో గ్విన్ నిఘంటువుకు పరీక్ష

ఇంగ్లీషు మాటకు తెలుగు కావాలంటే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువే తెరుస్తాం. గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెనక నుంచి, అంటే ఇంగ్లీషు అర్థం పట్టుకుని తెలుగు మాట వైపు, చదివితే ఇంకా బాగా పనికొస్తుంది. 1991లో వచ్చిన ఈ పుస్తకం షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా ఉంది.

శీర్షిక పదాల్లో (అర్థం చెప్పడానికి ఎత్తుకున్న తెలుగు మాటల్లో) కాకుండా అర్థాల పాఠం మొత్తంలో వెతికే ఎంపిక పెట్టుకుని, ఇంగ్లీషులో ‘చార్జ్’ అని కొట్టాలి. అప్పుడు ఆ అర్థం మోస్తున్న తెలుగు మాటలు వాటి మిగతా అర్థాలతో సహా కనిపిస్తాయి. ‘చార్జ్‌డ్’, ‘చార్జెస్’ రూపాలను విడిగా వెతకండి, లేదంటే కొన్ని జారిపోతాయి.

మిగతా అర్థాలు ఎందుకంటే, ‘చార్జి’తో తప్పులన్నీ అక్కడే. ఎవరైనా చేసేది ఆరోపణ. కోర్టు నమోదు చేసేది అభియోగం. చార్జిషీటు అభియోగపత్రమే, ఆరోపణపత్రం కాదు. డబ్బు విషయానికొస్తే దరఖాస్తుకు రుసుము, సరుకుకు సుంకం, అద్దె బండికి కిరాయి. బస్సుకు మాత్రం చార్జీయే, అక్కడ ‘రుసుము’ అంటే కండక్టరు నవ్వుతాడు. భౌతికశాస్త్రంలో విద్యుదావేశం. ‘ఆవేశం’ ఒక్కటే రాస్తే పాఠ్యపుస్తకం బయట అది కోపంగానే వినిపిస్తుంది. అధికారి చార్జి తీసుకుంటే బాధ్యతలు స్వీకరించినట్టు. లాఠీచార్జిని అనువదించే పని పెట్టుకోవద్దు.

బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903 నాటి రెండో కూర్పు కూడా ఆ డిజిటల్ లైబ్రరీలోనే ఉంది. పాత దస్తావేజుల భాషకు అదే మేలు. అందులో శీర్షికలు ‘అభియోగము’ అన్నట్టు ము-కారంతో ఉంటాయి. ‘అభియోగం’ అని కొట్టి దొరకలేదనుకోకండి. వాడుక తెలుగుకు గ్విన్‌దే పైచేయి: శీర్షికలు నేడు రాసే రూపంలో, పక్కనే రోమన్ లిపిలో ఉచ్చారణతో ఉంటాయి.

లోటు కాలానిది. సెల్‌ఫోన్ తెచ్చిన వాడుకను 1991 పుస్తకంలో ఆశించకూడదు. ‘చార్జింగ్ అయిపోయింది’ అంటే బ్యాటరీ నిండిందనా, ఖాళీ అయిందనా? ఎక్కువగా ఖాళీ అయిందనే. అది చెప్పే నిఘంటువు కోసం ఇంకా ఎదురుచూడాల్సిందే.