తూకమా, టేపా? షుగరు ముప్పు చెప్పడంలో ఏది మేలు?

చాలా ఇళ్ళలో ఈ రెండూ ఉంటాయి. ఒకటి, మంచం కిందకు తోసేసిన బరువు చూసుకునే యంత్రం. రెండోది, కుట్టుమిషను సొరుగులో చుట్ట చుట్టి పెట్టిన టేపు. షుగరు వచ్చే ముప్పు ఎంతో తెలుసుకోవాలనిపిస్తే మనలో ఎక్కువమంది మొదటిదాని మీదికే ఎక్కుతారు. నేను రెండోదాని పక్షం. మన ఒంటి తీరుకు టేపుతో తీసే నడుము కొలతే సరైనదని నా నమ్మకం. అలాగని తూకాన్ని పారేయమనను. అది లేకపోతే నడవని సందర్భాలు కొన్ని ఉన్నాయి.

ముందు తూకం సంగతి. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. ఈ లెక్క బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే 19వ శతాబ్దంలో వేసింది. ఆయన వెతికింది జబ్బుల కోసం కాదు, జనంలో సగటు మనిషి ఎలా ఉంటాడన్న దాని కోసం. బీఎంఐ అన్న పేరు 1972లో వచ్చింది. 25 దాటితే అధిక బరువన్నది ప్రపంచమంతటికీ చెప్పే హద్దు. ఆసియా వారికి అంతకన్నా తక్కువ బరువులోనే ముప్పు మొదలవుతోందని గుర్తించి, 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 23 దగ్గరే జాగ్రత్తపడాలని, 27.5 దాటితే ముప్పు ఎక్కువని చెప్పారు. 170 సెంటీమీటర్ల మనిషికి 23 అంటే సుమారు 66 కిలోల 500 గ్రాములు.

ఆ హద్దు లోపల ఉన్నవారందరూ క్షేమమేనా? అదే 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు వైద్యులు తమ ఫొటో తామే వేసుకున్నారు. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం ఇద్దరినీ ఒకే గాట కట్టింది. పైన పటారం, లోన లొటారం అన్న మన సామెత ఈ ఒంటి తీరుకు సరిగ్గా అతుకుతుంది.

ఈ తీరు తల్లి కడుపులోనే మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం పుణే పల్లెల్లో చూపించింది. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5 కిలోలు. అంత తేడా ఉన్నా మన బిడ్డల్లో బాగా తగ్గింది కండే. వీపు మీది చర్మం కింద కొవ్వు దాదాపు అలాగే ఉంది. అందుకే 'బక్కగా ఉన్నాడు, వీడికి షుగరేమిటి' అని పెద్దవాళ్ళు అన్నప్పుడల్లా నాకు దిగులేస్తుంది. పీలగా ఉన్న చేతులు, కాస్త ముందుకు వచ్చిన పొట్ట. మన వీధుల్లో అడుగడుగునా కనబడే ఈ ఆకారమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సినది.

కొవ్వు ఎంత ఉందన్న దానికన్నా ఎక్కడ ఉందన్నది ఎందుకు ముఖ్యం? చర్మం కింద, తుంటి మీద, తొడల్లో చేరే కొవ్వు ఒక గాదె. మిగులు తిండిని అక్కడ దాచుకోవడం ఒంటికి మేలే. ఆ గాదే లేనివారికి ఏమవుతుందో చూడండి. కొవ్వు కణజాలం దాదాపు లేకుండానే పుట్టే అరుదైన జబ్బు ఒకటి ఉంది. ఆ పిల్లలు కండలు తేలి సన్నగా కనబడతారు, కానీ దాచే చోటు లేక కొవ్వు కాలేయంలో చేరి, తీవ్రమైన మధుమేహం వస్తుంది. మనలో చాలామందికి గాదె ఉంది, కాకపోతే చిన్నది. అది త్వరగా నిండి, మిగిలింది పేగుల చుట్టూ, కాలేయంలో, క్లోమంలో చేరుతుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి కరిగినది నేరుగా కాలేయానికే వెళ్తుంది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు చక్కెర తయారుచేసి రక్తంలోకి వదిలేది కాలేయమే. చాలు, ఆపు అని ఇన్సులిన్ చెప్తే, కొవ్వు పట్టిన కాలేయం వినిపించుకోదు. పరగడుపు షుగరు ముందుగా పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ మాటకు నాకు తెలిసినంతలో గట్టి రుజువు 2004లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన. బాగా లావుగా ఉన్న 15 మంది స్త్రీలకు లైపోసక్షన్ చేసి, పొట్ట మీది చర్మం కింద కొవ్వును దాదాపు 10 కిలోల దాకా తీసేశారు. తూకంలో ఘనవిజయమే. కానీ వారాల తర్వాత చూస్తే వారి ఒంట్లో ఇన్సులిన్ పనితీరు ఏమీ మెరుగుపడలేదు. తీసింది గాదెలోని ధాన్యం. లోపల చేరినది లోపలే ఉంది.

అయితే ఇక్కడ టేపు పక్షం వాడిగా నేనూ ఒక మాట ఒప్పుకోవాలి. టేపుకు కూడా చర్మం కింద కొవ్వు, లోపలి కొవ్వు తేడా తెలియదు. రెండింటినీ కలిపే కొలుస్తుంది. అయినా లోపలి కొవ్వు పెరిగితే నడుము పెరగక తప్పదు కనుక, తూకం కన్నా టేపే నిజానికి దగ్గరగా నిలుస్తుంది. మన దేశానికి హద్దులు మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. భారత వైద్య పరిశోధనా మండలి సహకారంతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్నవారు 28.6 శాతం, నడుము కొలత ప్రకారం 39.5 శాతం. అంటే నూటికి కనీసం పదిమంది తూకం కన్నుగప్పారు. ఆ సర్వే అంచనాలోనే దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లు దాటారు.

చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో తయారుచేసిన ముప్పు లెక్క నాకు నచ్చడానికి కారణం ఇదే. అందులో బరువు ఊసే లేదు. వయసు, నడుము, శ్రమ, తల్లిదండ్రులకు షుగరు ఉందా అన్న నాలుగు ప్రశ్నలే, ఒక్కో జవాబుకు ఇన్ని మార్కులని. నా లెక్కే చెప్తాను. 47 ఏళ్ళు కాబట్టి 20. నడుము 94 కాబట్టి 10. కూర్చుని చేసే ఉద్యోగం, వ్యాయామం లేదు కాబట్టి 30. నాన్నకు షుగరు కాబట్టి 10. మొత్తం 70. 60 వస్తేనే రక్తపరీక్ష తప్పదంటారు. నా బరువు 66 కిలోలు, బీఎంఐ 22.8. తూకాన్ని నమ్మి ఉంటే పరీక్షకు వెళ్ళేవాణ్ణి కాదు. పరగడుపున 112 వచ్చింది. అది షుగరు కాదు, కానీ దాని గడప దగ్గర ఉన్నట్టే.

ఇక తూకానికి దక్కాల్సినది. ఏ ప్రయత్నమూ లేకుండా రెండు మూడు నెలల్లో బరువు పడిపోతే అది షుగరు ముదిరిన గుర్తు కావచ్చు. దాన్ని ముందు పట్టేది తూకమే. గర్భిణులకు టేపు పనికిరాదు. అసలు బరువు బాగా ఎక్కువ ఉంటే, కొవ్వు తుంటి దగ్గరే ఉందిలే అని నిశ్చింతగా ఉండకూడదు, గాదె ఎంత పెద్దదైనా ఒకరోజు నిండుతుంది. తగ్గించుకునేటప్పుడు కూడా తూకమే లెక్క: బ్రిటన్‌లో రాయ్ టేలర్ తదితరులు చేసిన పరిశోధనలో 15 కిలోలు, అంతకుమించి తగ్గినవారిలో 86 శాతం మందికి ఏడాదికల్లా మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది.

జిమ్ముల్లో కొవ్వు శాతం చూపే యంత్రాలు నీళ్ళు తాగినా అంకె మారుస్తాయి, వాటిని పక్కన పెట్టవచ్చు. నడుము ఎత్తులో సగం దాటకూడదన్న సూత్రం మాత్రం మంచిది, గుర్తుంచుకోవడం తేలిక.

టేపు పెట్టే చోటు చాలామంది తప్పుతారు. ప్యాంటు సైజు నడుము కొలత కాదు. మగవారు పొట్ట కింద ప్యాంటు కట్టి, పదేళ్ళుగా అదే సైజు అనుకుంటారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవాలి. ఆడవారికి టేపు అవసరం ఇంకా ఎక్కువ. లంగా బొందుకు, సల్వార్ నాడాకు అంకెలుండవు, నడుము పెరిగితే చప్పుడు చేయకుండా వదులవుతాయి. నెలసరి ఆగే వయసులో తుంటికి చేరే కొవ్వు పొట్టకు మళ్ళుతుంది, బరువు మారకపోయినా సరే. గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గోడ క్యాలెండరులోనే, మూడు నెలలకోసారి, ఇంట్లో పెద్దవారందరి నడుము కొలతలూ రాసిపెట్టుకోండి.